50 గ్రాముల ట్యూబు ఎన్నాళ్లు రావాలి? మూడు సన్‌స్క్రీన్ల రివ్యూ

నమస్కారం. ఈ బల్ల మీద మీకు మూడు ట్యూబులు, ఒక చిన్న తూకం కనిపిస్తున్నాయి. తూకం వంటింటిది, ఈస్టు, బేకింగ్ పౌడరు కొలుచుకోవడానికి కొన్నది. సన్‌స్క్రీన్ రివ్యూలో దానికేం పని అని మీకు అనిపించవచ్చు గానీ, నేను చెప్పబోయే దాంట్లో సగం ఆ తూకం చెప్పిందే. మార్చి చివరి నుంచి తొలకరి పడేదాకా ఈ మూడింటినీ వంతులవారీగా వాడాను. ఉదయం కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి స్కూటర్ మీద వెళ్లడం, మధ్యాహ్నం అప్పుడప్పుడు బయటి పనులు, సాయంత్రం అదే దారిన తిరుగు ప్రయాణం, ఇదీ నా దినచర్య. మూడింటినీ నా డబ్బుతోనే కొన్నాను. కంపెనీల పేర్ల మీద కాగితం అంటించి కప్పేశాను, ఎందుకంటే ఒకే పేరుతో అమ్మే ట్యూబులో కలిపే పదార్థాలు ఏడాది తిరిగేసరికి మారిపోతుంటాయి. ట్యూబు వెనుక ఉన్నది చదవడం ఒకసారి అలవాటైతే ఏ కంపెనీదైనా మీరే తేల్చుకోగలుగుతారు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అన్నది వేడిని గురించి. సన్‌స్క్రీన్ ఆపేది వేడిని కాదు, కంటికి కనిపించని, ఒంటికి తగిలినట్టు కూడా తెలియని అతినీలలోహిత కిరణాలను. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కొద్దిగా ఎగువన ఉంది కాబట్టి ఏటా రెండుసార్లు, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు ఆ కాసేపు నీడే పడదు. ఆ రెండోసారి వచ్చేది వానాకాలంలో. చల్లబడింది కదా అని ఆగస్టులో సన్‌స్క్రీన్ మానేసేవాళ్లు ఈ సంగతి గమనించాలి: వేడి తగ్గిందే గానీ సూర్యుడు మే నెలలో ఉన్న ఎత్తులోనే ఉన్నాడు, పల్చటి మబ్బు ఈ కిరణాలను పెద్దగా ఆపదు. మీ ఫోనులో వాతావరణం చూపించే చోట యూవీ ఇండెక్స్ అని, ఈ అతినీలలోహిత (యూవీ) కిరణాల తీవ్రతను చెప్పే ఒక అంకె ఉంటుంది. అది 3 కు చేరిందంటే చర్మానికి రక్షణ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 11, ఆపైన ఉంటే అత్యంత తీవ్రం. మన వేసవి మధ్యాహ్నాల్లో 11 దాటడం మామూలే.

ఈ కిరణాల్లో నేల దాకా వచ్చి మనల్ని తాకేవి రెండు రకాలు. యూవీబీ చర్మం పైపొరలోనే పని చేస్తుంది. చర్మం కందిపోవడం, మండటం ప్రధానంగా దీని వల్లే, కణాల్లోని డీఎన్‌ఏకు నేరుగా దెబ్బ తగిలేదీ ఎక్కువగా దీని వల్లే. యూవీఏ ఇంకా లోపలికి దిగి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ను కొద్దికొద్దిగా దెబ్బతీస్తుంది. ముడతలు, నల్లబడటం, మచ్చలు ముదరడం వెనుక దీని పాత్ర పెద్దది. మామూలు కిటికీ అద్దం యూవీబీని చాలావరకు ఆపేస్తుంది గానీ యూవీఏలో ఎక్కువ భాగాన్ని లోపలికి రానిస్తుంది. కారు ముందు అద్దం రెండు పలకల మధ్య పొర పెట్టి అతికించినది కనుక అది బాగానే కాపాడుతుంది. పక్క అద్దాలను మాత్రం అంతగా నమ్మలేము. రోజూ గంటసేపు క్యాబులో కిటికీ పక్కన కూర్చుని వెళ్లేవాళ్లకు ఎండ తగిలినట్టు అనిపించకపోవచ్చు గానీ, యూవీఏ తగులుతూనే ఉంటుంది.

ఇక ట్యూబు ముందువైపు పెద్ద అక్షరాల్లో కనిపించే ఎస్‌పీఎఫ్ అనే అంకె చర్మం కందిపోవడాన్ని కొలమానంగా పెట్టుకుని లెక్కగట్టినది, అంటే ప్రధానంగా యూవీబీ గురించి చెప్పేది. ప్రయోగశాలలో రాసినట్టే రాస్తే ఎస్‌పీఎఫ్ 30 ఆ కిరణాల్లో 97 శాతాన్ని, ఎస్‌పీఎఫ్ 50 సుమారు 98 శాతాన్ని ఆపుతాయి. యూవీఏ సంగతి తెలుసుకోవాలంటే దాని పక్కనే ఉండే పీఏ అనే గుర్తును, దాని వెంట ఉన్న ప్లస్‌లను చూడాలి. ఇది జపాన్‌లో పుట్టిన పద్ధతి, నాలుగు ప్లస్‌లు అన్నిటికంటే ఎక్కువ రక్షణ. మన ఊళ్లో సన్‌స్క్రీన్ కొనేవాళ్లు 50 ఉందా, 70 ఉందా అని అడగడం నేను చాలాసార్లు విన్నాను గానీ, ప్లస్‌లు ఎన్ని అని అడగడం ఒక్కసారి కూడా వినలేదు. నా ఉద్దేశంలో మనం అడగాల్సింది రెండో ప్రశ్నే.

ఎందుకంటే మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ. తెల్లజాతి వాళ్లలా మనం పది నిమిషాలకే ఎర్రగా కందిపోము. వాళ్లతో పోలిస్తే మనలో చర్మ క్యాన్సర్ చాలా తక్కువ. మనం చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లేది ఎక్కువగా నలుపు గురించి, మొటిమ తగ్గినా పోని మచ్చ గురించి, బుగ్గల మీద, ముక్కు మీద పరుచుకునే మంగు గురించి. మంగును రెచ్చగొట్టేది అతినీలలోహిత కిరణాలు మాత్రమే కాదు, కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా. ముఖ్యంగా అందులోని నీలి భాగం మనలాంటి చామనఛాయ చర్మాన్ని నల్లబరుస్తుంది, ఆ నలుపు చాలాకాలం నిలిచిపోతుంది. మామూలు సన్‌స్క్రీన్ ఎంత మంచిదైనా దీన్ని పెద్దగా ఆపలేదు. ఆపగలిగేది ఐరన్ ఆక్సైడ్ అనే రంగు పదార్థం కలిపి, చర్మపు ఛాయలో తయారు చేసే రంగు సన్‌స్క్రీన్. అందుకే ఈ బల్ల మీద మూడో ట్యూబు ఉంది.

ఇప్పుడు తూకం దగ్గరికి వద్దాం. కంపెనీలు ఎస్‌పీఎఫ్‌ను పరీక్షించేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాస్తాయి. ఆ లెక్కన పెద్దవాళ్ల ముఖానికి ఒక గ్రాము పైచిలుకు, మెడ, చెవులు కూడా కలుపుకుంటే సుమారు రెండు గ్రాములు కావాలి. నేను రోజూ రాసుకునేది ఎంతో చూద్దామని ట్యూబును తూకం మీద పెట్టాను, అలవాటు ప్రకారం శనగగింజంత తీసి ముఖానికీ మెడకూ రాసుకున్నాను, మళ్లీ తూచాను. తగ్గింది అర గ్రాము. అంటే ఇన్నేళ్లుగా 50 ఉన్న ట్యూబు కొని దానికి నాలుగో వంతు పని అప్పగిస్తూ వచ్చానన్నమాట. తక్కువ రాసినప్పుడు రక్షణ కనీసం ఆ మేరకు పడిపోతుంది, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే పడిపోతుంది. తరువాత డాక్టర్లు చెప్పే పద్ధతిలో చూపుడు వేలు, మధ్య వేలు, ఈ రెండింటి మీద మొదలు నుంచి చివరి దాకా గీతలా పిండి తూచితే గ్రామున్నర దాటింది. చూడటానికి అది ఎంత ఎక్కువగా కనిపిస్తుందంటే, మా అమ్మ పక్కనుంచి చూసి "అది క్రీమా, సున్నమా?" అని అడిగింది. ఒకేసారి రాస్తే జారిపోతుంది కాబట్టి సగం రాసి, రెండు నిమిషాలు ఆగి, మిగతా సగం రాసుకోవడం నయం.

రోజుకు రెండు గ్రాములంటే 50 గ్రాముల ట్యూబు 25 రోజుల్లో అయిపోవాలి. అది కూడా రోజుకు ఒక్కసారి రాసుకుంటేనే. మీ ఇంట్లో ట్యూబు ఆరు నెలలు వస్తోందంటే అది పొదుపు కాదు, రాసుకోవడం లేదని అర్థం. అందుకే నేను ధరను ట్యూబు లెక్కన కాకుండా రోజు లెక్కన చూస్తాను.

మొదటిది జెల్. ఎస్‌పీఎఫ్ 50, నాలుగు ప్లస్‌లు. 50 గ్రాములకు 450 రూపాయలు, అంటే రోజుకు 18 రూపాయలు. ఇందులో కిరణాలను ఆపే పదార్థాలు, అంటే ఫిల్టర్లు, రసాయన రకానివి, ట్యూబు వెనుక అవోబెంజోన్, ఆక్టోక్రిలీన్ అనే పేర్లు కనిపిస్తాయి. అవోబెంజోన్ యూవీఏను బాగా పీల్చుకుంటుంది గానీ ఎండ తగిలితే తానే చెదిరిపోయే గుణం ఉంది, ఆక్టోక్రిలీన్ దాన్ని నిలకడగా ఉంచుతుంది. అందుచేత ఈ జంట కనిపిస్తే మంచి గుర్తే. రాసిన రెండు నిమిషాలకు ముఖం మీద ఏమీ లేనట్టే ఉంటుంది, జిడ్డు లేదు, తెలుపు లేదు. లోపం ఎక్కడ బయటపడిందంటే, ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర హెల్మెట్ లోపల పట్టిన చెమట నుదుటి నుంచి కళ్లలోకి దిగినప్పుడు. కళ్లు భగ్గున మండాయి, బండి పక్కకు తీసి నీళ్లు కొట్టుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి దీన్ని కనుబొమ్మల కిందికి, నుదుటి అంచుకు రాయడం మానేశాను. జిడ్డు చర్మం ఉన్నవాళ్లకు, మొటిమలు వచ్చేవాళ్లకు, రోజంతా నీడపట్టున పని చేసేవాళ్లకు నేను మొదట చెప్పేది మాత్రం దీన్నే.

రెండోది జింక్ ఆక్సైడ్ క్రీము. ఇలాంటి ఖనిజ ఫిల్టర్లు అద్దంలా కిరణాలను తిప్పికొడతాయని చాలామంది చెబుతారు. నిజానికి అవి కూడా అతినీలలోహిత కిరణాల్లో ఎక్కువ భాగాన్ని పీల్చుకునే ఆపుతాయి. జింక్ ఆక్సైడ్ యూవీబీతో పాటు యూవీఏను కూడా విస్తారంగా ఆపుతుంది, మరో ఖనిజ ఫిల్టరైన టైటానియం డయాక్సైడ్ ఒక్కటే ఉంటే యూవీఏ వైపు కొంత వెలితి ఉంటుంది. ఇది కళ్లు మండించలేదు, ముక్కు పక్కన పగిలిన చోట కూడా చురుక్కుమనలేదు. కానీ రెండు వేళ్ల కొలతతో రాసి అద్దంలో చూసుకుంటే పిండిమిల్లులో నుంచి వచ్చినట్టున్నాను. ఆ తెలుపు పావుగంటకు కొంత తగ్గిందే గానీ పోలేదు. ఆఫీసుకు వెళ్లేవాళ్లు ఆ తెలుపుకు భయపడి తక్కువ రాస్తారు, తక్కువ రాస్తే మొత్తం లెక్కే తప్పుతుంది. సున్నితమైన చర్మానికి, పిల్లలకు ఇది మేలు. ఆరు నెలల లోపు పసివాళ్లకు మాత్రం ఏ సన్‌స్క్రీనూ రాయకుండా నీడలో, బట్టల్లో కాపాడుకోవడమే పద్ధతి.

మూడోది ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్. 30 గ్రాములు 600 రూపాయలు, అంటే రోజుకు 40 రూపాయలు. ఇది అందరూ భరించగలిగే ఖర్చు కాదు. లేత రంగు చొక్కా కాలరుకు గోధుమ రంగు చార పడుతుంది, సబ్బుతో రెండుసార్లు రుద్దితే గానీ పోదు. పైగా అమ్మే రంగులు మన ఛాయకు కలవడం అంత తేలిక కాదు, నాకు దొరికింది నా రంగు కంటే ఒక మెట్టు లేతగా ఉంది. ఇన్ని చెప్పినా, మంగు మచ్చలకు మందు వాడుతున్నవాళ్లు ఈ మూడింటిలో ఒక్కటే కొనగలిగితే ఇదే కొనాలని నా అభిప్రాయం. ఖర్చు తగ్గాలంటే బుగ్గలు, నుదురు, పైపెదవి మీద దీన్ని, మెడకు చవకైన జెల్‌ను రాసుకోవచ్చు.

రసాయన ఫిల్టర్లు రక్తంలోకి వెళ్తాయట కదా అని అడిగేవాళ్లున్నారు. వెళ్తాయన్న మాట నిజమే. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2019, 2020 సంవత్సరాల్లో ప్రచురించిన పరీక్షల్లో కొన్ని ఫిల్టర్లు తాము పెట్టుకున్న హద్దు కంటే ఎక్కువగా రక్తంలో కనిపించాయి. కనిపించడం వేరు, హాని చేయడం వేరు. ఆ సంస్థ మరింత సమాచారం కావాలని కోరిందే తప్ప వాడకం ఆపమని చెప్పలేదు. అయినా మనసు ఒప్పుకోకపోతే జింక్ ఉండనే ఉంది. రోజూ రాయడం వల్ల లాభం ఉందా అంటే, ఆస్ట్రేలియాలోని నాంబర్ అనే ఊళ్లో నాలుగున్నర ఏళ్లు జరిగిన పరీక్షలో, రోజూ రాసుకున్నవాళ్ల చర్మం ఇష్టమొచ్చినప్పుడు రాసుకున్నవాళ్ల కంటే 24 శాతం తక్కువగా ముదిరిందని 2013లో తేల్చారు. వాళ్లది ఎక్కువగా తెల్ల చర్మం కనుక ఆ అంకెను మనకు యథాతథంగా అన్వయించలేము గానీ, యూవీఏ కొల్లాజెన్‌ను దెబ్బతీయడం మాత్రం మన చర్మంలోనూ జరిగేదే.

సన్‌స్క్రీన్ తెల్లబరిచే క్రీము కాదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్ కలిసిన క్రీము తెచ్చుకుని నెలల తరబడి ముఖానికి రాసి, చర్మం పల్చబడి ఎండ తగిలితే మండుతోందని, దాని మీద సన్‌స్క్రీన్ రాస్తున్నామని కొందరు నాకు రాస్తుంటారు. అది సన్‌స్క్రీన్‌తో తీరే బాధ కాదు. ఆ క్రీమును చర్మ డాక్టరు చెప్పిన పద్ధతిలోనే మానాలి.

మన దేశంలో సన్‌స్క్రీన్ చట్టప్రకారం మందు కాదు, సౌందర్య సాధనం. అందువల్ల కొనేటప్పుడు తయారీ లైసెన్సు నంబరు, గడువు తేదీ, ఫిల్టర్ల పేర్లు మీరే చూసుకోవాలి. ఎండలో తిరిగితే రెండు గంటలకోసారి, బాగా చెమట పట్టి తుడుచుకుంటే వెంటనే మళ్లీ రాసుకోవాలి. స్కూటర్ మీద వెళ్లే మన ఆడవాళ్లు ముఖానికి చున్నీ చుట్టుకుని, చేతులకు మోచేతి పైదాకా తొడుగులు వేసుకుంటారు కదా, దాన్ని చూసి నవ్వేవాళ్లున్నారు గానీ, దగ్గరి నేత ఉన్న ముదురు రంగు బట్టకు రెండు గంటల గడువు ఉండదు. చున్నీ కట్టుకున్న రోజు నాకు సన్‌స్క్రీన్ ఖర్చు కూడా తగ్గింది.

మళ్లీ రాసుకోవడానికి వీలుగా ఉంటుందని నేను జెల్ ట్యూబును స్కూటర్ డిక్కీలో పెట్టుకున్నాను. మే నెలలో మూడు వారాలు అది అక్కడే ఉంది. ఒకరోజు నొక్కితే ముందు నూనెలాంటి నీరు కారింది, తరువాత గడ్డలు గడ్డలుగా జెల్ వచ్చింది. అలా విరిగిపోయినదాన్ని ఎంత కలిపినా ఫిల్టర్లు సమంగా పరుచుకోవు. అందులో ఇంకా 20 గ్రాములు మిగిలి ఉంది. పారేశాను. ఇప్పుడు చిన్న ట్యూబు ఒకటి ఆఫీసు సొరుగులో ఉంటోంది.