అవతలి నుంచి జవాబు రావాలి
(ఒక పాలిటెక్నిక్ కళాశాలలో సెమినార్ హాలు ప్రారంభోత్సవం నాటి ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న ప్రిన్సిపాల్ గారికి, విభాగాధిపతులకు, అధ్యాపక మిత్రులకు, ఎదురుగా ఉన్న విద్యార్థినీ విద్యార్థులకు, ఈ హాలు వైరింగ్ కోసం రాత్రిళ్లు మేలుకున్న కుర్రాళ్లకు, పొద్దున్నే వచ్చి కుర్చీలన్నీ తుడిచిన ఆయమ్మలకు, అటెండర్లకు నమస్కారం. అటెండర్లకు ఇంకోసారి నమస్కారం. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

‘ఆధునిక తరగతి గది’ మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను మాత్రం ప్రొజెక్టర్‌కు టైప్ చేసి పంపే ఒక్క లైను ఆదేశం గురించి చెప్పాలని వచ్చాను.

అందరూ ఒకసారి పైకి చూడండి. స్లాబుకు వేలాడుతున్న ఆ ప్రొజెక్టర్‌కు వెనక నెట్‌వర్క్ వైరు ఉంది. బొమ్మ పంపడానికే ఆ వైరు అనుకుంటారు చాలామంది. ఆ వైరు మీద దానితో మాట్లాడొచ్చు. ఆ మాటల పద్ధతికి పీజేలింక్ అని పేరు. జపాన్‌లో ఆఫీసు యంత్రాలు తయారుచేసేవాళ్ల సంఘం, జేబీఎంఐఏ, దీన్ని రూపొందించింది. పోర్టు నంబరు, అంటే ఆ మాటలు వినడానికి ప్రొజెక్టర్ తెరిచి ఉంచే ద్వారం నంబరు, 4352. నా దగ్గరున్న నిబంధనల ప్రతి 2013 డిసెంబరు 10 నాటిది, 1.04 వెర్షన్. ఏ కంపెనీ ప్రొజెక్టర్ అయినా సరే, పీజేలింక్ ఉంటే చాలు, అదే మాటకు పలుకుతుంది.

ఆ మాట బోర్డు మీద రాస్తున్నాను, నోట్ చేసుకోండి. ముందు % గుర్తు. దాని పక్కనే 1, అంటే పీజేలింక్ ఆదేశాల్లో మొదటి తరగతి (క్లాస్ 1) అని. తర్వాత పి, ఓ, డబ్ల్యు, ఆర్ నాలుగు అక్షరాలు. ఒక ఖాళీ. ఆ తర్వాత మళ్లీ 1. మొత్తం ఎనిమిది. చివర క్యారేజ్ రిటర్న్, అంటే లైను ముగిసిందని చెప్పే ఎంటర్ గుర్తు. ఇది మరిచిపోతే ప్రొజెక్టర్ మాట ఇంకా పూర్తి కాలేదనుకుని ఎదురుచూస్తూనే ఉంటుంది. అంతే, లైను అయిపోయింది. దీనితో ప్రొజెక్టర్ ఆన్ అవుతుంది. చివరి 1 బదులు 0 పెడితే ఆఫ్.

ఇంత చిన్న లైను తెలియక ఒక మనిషి నడుము విరిగింది.

నేను 26 ఏళ్లు ఒక కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను. అక్కడా ఇలాంటి హాలే. పోడియం మీద టచ్ ప్యానెల్ పెట్టారు, ఒక్క బటన్ నొక్కితే అన్నీ ఆన్. అందరం మురిసిపోయాం. సెమినార్ రోజు పొద్దున ఎనిమిదిన్నరకు ఆ ప్యానెల్ చచ్చిపోయింది. రిమోట్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పెట్టినవాళ్లకు ఫోన్ చేస్తే రెండు వారాల్లో మనిషిని పంపుతామన్నారు. బయటినుంచి అతిథులు వచ్చేస్తున్నారు, పైనుంచి ఒకటే టెన్షన్. మా అటెండర్ బల్ల మీద స్టూలు వేసి, చీపురు కర్ర పట్టుకుని ఎక్కాడు, ప్రొజెక్టర్ మీదున్న బటన్ నొక్కుదామని. నేనే స్టూలు పట్టుకున్నాను. బల్ల కదిలింది. నేను పట్టుకోలేకపోయాను.

అతన్ని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. సెమినార్ పక్క హాల్లో జరిగింది. ఇప్పటికీ అతను కర్ర సాయంతోనే నడుస్తాడు.

వారం తర్వాత బీరువాలోంచి ఆ ప్రొజెక్టర్ మాన్యువల్ తీశాను. ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు ఎవరూ. నేనూ చింపలేదు. చివరి పేజీల్లో ఒక పట్టిక ఉంది, అందులో ఈ లైను ఉంది. ల్యాప్‌టాప్ కలిపి టైప్ చేశాను. పైన ఫ్యాను చప్పుడు మొదలైంది. తెర మీద జవాబు వచ్చింది, ఓకే అని. ఆ ఖాళీ హాల్లో అలాగే కూర్చుండిపోయాను.

పిల్లలూ, ఆ జవాబు గురించి చెప్పాలి మీకు. మా నాన్నగారు రైల్వేలో ఒక చిన్న స్టేషన్‌కు మాస్టరు. బండి వదిలే ముందు పక్క స్టేషన్‌ను లైన్ క్లియర్, అంటే బండి పంపడానికి అనుమతి, అడిగేవారు. అవతలి మాస్టరు ‘సరే’ అంటే సరిపోదు. ఆ అనుమతికి గుర్తుగా ప్రైవేట్ నంబరు అనే రహస్య సంఖ్య చెప్పాలి, ఈయన దాన్ని పుస్తకంలో రాసుకోవాలి. అప్పటిదాకా బండి కదలదు. ప్రొజెక్టర్ దగ్గరా అంతే. పంపాం కదా అని వెళ్లిపోకూడదు. జవాబు చదవాలి. ఎర్రర్ 1 వస్తే నువ్వు పంపిన ఆదేశమే దానికి తెలియదు. 2 వస్తే ఆదేశం సరే, పక్కన పెట్టిన విలువ తప్పు. 3 వస్తే ఇప్పుడు వేళ కాదంటోంది. 4 వస్తే యంత్రంలోనే లోపం. ఎంత స్పష్టంగా చెబుతోందో చూడండి!

ఈ గోడమీద ఉన్న సోనీ కెమెరాలకైతే ఇంకో భాష, విస్కా. అక్షరాలు కావు, హెక్సా లెక్కలో 81తో మొదలై ఎఫ్ఎఫ్‌తో ముగిసే బైట్లు, అంటే అంకెల సంకేతాలు. అది రెండుసార్లు పలుకుతుంది. అందింది అని ఒకసారి, పని పూర్తయింది అని ఇంకోసారి. నాకు ఆ మర్యాద చాలా ఇష్టం. పూర్వం తొమ్మిది పిన్నుల సీరియల్ కేబుల్ మీద ఒక్కో కంపెనీది ఒక్కో భాష ఉండేది, ఆ కష్టాలు చెప్పుకుంటే ఈ పూట చాలదు.

ప్రిన్సిపాల్ గారూ, ఒక విన్నపం. సభలోనే అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దు. మా కాలేజీలో ప్యానెల్ ప్రోగ్రామ్ ఫైలు ఇవ్వమంటే ‘అది మా సొత్తు’ అన్నారు దాన్ని పెట్టినవాళ్లు. డబ్బు మనది, హాలు మనది, మాట మాత్రం వాళ్ల సొత్తు! ఈ హాలుకు ఆఖరి బిల్లు చెల్లించే ముందు ప్రోగ్రామ్ ఫైలు, ప్రతి పరికరం ఐపీ అడ్రస్, పీజేలింక్ పాస్‌వర్డ్ చేతికి తీసుకోండి. పాస్‌వర్డ్ పెట్టి ఉంటే ప్రొజెక్టర్ ముందుగా ఒక సంఖ్య ఇస్తుంది. దానికి పాస్‌వర్డ్ చేర్చి, ఎండీ5 అనే సూత్రంతో కంప్యూటర్‌లో లెక్క కట్టి, వచ్చిన 32 అక్షరాలు ఆదేశానికి ముందు పెట్టాలి. పాస్‌వర్డ్ తెలియకపోతే ఈ లైనూ పనికిరాదు. పాస్‌వర్డ్ మీ బీరువాలో ఉండాలి, ఆదేశాల కాగితం లామినేషన్ చేయించి పోడియం లోపల అంటించాలి. అటెండర్ గారికి కూడా కనబడేలా, తెలుగులో.

ఇంకొక్క మాట. క్లాసు అవగానే మెయిన్ స్విచ్ కట్టేయకండి. పవర్ ఆదేశంలో చివరి అంకె బదులు ప్రశ్నార్థకం పెట్టి అడగండి. 2 అంటే లోపల ఇంకా చల్లబడుతోంది. 0 వచ్చేదాకా ఆగండి. ల్యాంపు ఆయుష్షు అక్కడే ఉంది.

రెండో వరసలో నీలం చొక్కా బాబూ, నువ్వు రా. ల్యాప్‌టాప్ నీ ముందే ఉంది, ఇందాక నేనే కలిపి పెట్టాను. బోర్డు మీద ఉన్నది చూసి కొట్టు. ఖాళీ మరిచిపోకు. ఓకే వచ్చిందా? ఇప్పుడు ప్రశ్నార్థకంతో అడుగు. ఎంత వచ్చింది, గట్టిగా చదువు. 3. అంటే వేడెక్కుతోంది. ఎవరూ లేవకండి, 1 వచ్చేదాకా చూద్దాం.