బీడీఎస్ ఫస్టియర్‌ల ఏం కొనాలె (కొనుడు ముచ్చట జర తక్కువైంది)

రాజేశ్: నమస్తే నమస్తే, హన్మకొండ నుంచి మీ పండ్ల డాక్టర్ రాజేశ్, పక్కన మన నర్సు శ్రావణి. సౌండ్ల గరగర వస్తే ఏమనుకోకుండ్రి, ఫ్యాన్ గదే ఫ్యాన్.

శ్రావణి: ఫ్యాన్ గురించి అడిగినోళ్ళను ఈసారి నిజంగనే బ్లాక్ చేస్త.

రాజేశ్: సరే, టాపిక్. పోరగాండ్లు మెసేజ్‌లు పెడ్తున్నరు, అన్నా బీడీఎస్‌ల, అంటే పండ్ల డాక్టర్ చదువుల, సీటొచ్చింది, ఫస్టియర్‌కు ఏం సామాన్ కొనాలె అని. రాసుకోండి. మైనం కోసే వ్యాక్స్ నైఫ్, మైనంల పన్ను ఆకారం చెక్కే లెక్రాన్ కార్వర్, స్పిరిట్ ల్యాంప్, ప్లాస్టర్ కలపనీకె రబ్బర్ బౌల్, స్పాచులా, రెండు ఏప్రాన్లు. సీనియర్ల కాడ సెకండ్ హ్యాండ్ దొరుకుతయి. లెక్రాన్ ఒక్కటి కొత్తది తీసుకోండి, అంచు అరిగిందైతే మైనం చెక్కది, చీలుస్తది. అయిపోయింది.

శ్రావణి: అయిపోయిందా! ఇగ మూసేద్దామా మరి?

రాజేశ్: ఆగు. కొన్నంక పట్టుకునుడు రావాలె గద. నేను ఎప్పుడు చెప్పేదే…

శ్రావణి: వచ్చింది సబ్బు.

రాజేశ్: సబ్బే, నవ్వకు! సీటిచ్చే ముందటనే పిల్లలతోని సబ్బు చెక్కిచ్చి చేతిపని చూడాలె అంట. నీట్‌ల 180 ప్రశ్నలు, 720 మార్కులు, అండ్ల చేతికున్న పని ఏంది, గుండ్రాలు దిద్దుడు. అమెరికాల ఒకప్పుడు డెంటల్ అడ్మిషన్ టెస్టుల చాక్‌పీస్ ఇచ్చి చెక్కుమనేటోళ్ళు, కెనడాల సబ్బు ఇచ్చేటోళ్ళు. మనకాడ ఫిజిక్స్‌ల తోపు వచ్చి మైనం దిమ్మె ముందట కూసుంటడు, పైదవడ మొదటి మోలార్, అంటే నమిలే పెద్ద పన్ను, చెక్కరా అంటే మీద నాలుగు కస్పులు, అంటే మొనలు, ఉండాలె, నడుమ ఏటవాలుగ ఒక రిడ్జ్, గట్టు లెక్క, రావాలె, అది రాకుంటే ఆ పన్ను ఆ పన్నే కాదు, వీడు ఇడ్లీ చేసి పెడ్తడు. మా సార్ అయితే వెలుతురుకు ఎత్తి చూసి, బొటనవేలితోని ఒక్కసారి రుద్ది, ఏమనకుండ పుటుక్కున ఇరిచి చేతుల పెట్టేటోడు.

శ్రావణి: మరి గంత మంచిదైతే ఆ చాక్‌పీస్ పరీక్ష అమెరికోళ్ళు ఎందుకు తీసేసిండ్రు?

రాజేశ్: తీసేసి కాగితం మీద ఆకారాలు గుర్తుపట్టే పరీక్ష పెట్టిండ్రు. దిద్దుడు అల్కగ ఉంటది, నేనైతే గట్లనే అనుకుంట.

శ్రావణి: నువ్వు అనుకునుడే. నాలుగేండ్ల చదువు, మీద ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ ఎందుకున్నయి? నేర్పనీకె గద. గేటుకాడనే అన్ని వచ్చి ఉండాలంటే కాలేజీ దేనికి?

రాజేశ్: ఇంతకుముందు ఇండ్లల్ల ఏదో ఒక పని చేతికి తగిలేది. ఇప్పుడు ఫోన్ రుద్దుడు తప్ప ఏమున్నది? లండన్ ఇంపీరియల్ కాలేజీల రోజర్ నీబోన్ అని ప్రొఫెసర్, సర్జరీ ఎట్ల నేర్పాలె అన్నదే ఆయన సబ్జెక్టు, 2018లనే మొత్తుకున్నడు, పిల్లలకు మార్కులు బాగనే వస్తున్నయి గని కుట్లు వేయమంటే చేతులు వస్తలేవు, చిన్నప్పుడు కత్తిరించుడు కుట్టుడు లేకపాయె అని.

శ్రావణి: గేమ్స్ సంగతి చెప్పాల్నా? 2007ల అమెరికాల ఒక స్టడీ వచ్చింది, ఒకప్పుడు వారానికి మూడు గంటల కంటె ఎక్కువ వీడియో గేమ్స్ ఆడిన సర్జన్లు ల్యాప్రోస్కోపీ, అంటే లోపలికి కెమెరా పెట్టి స్క్రీన్ చూసుకుంట చేసే ఆపరేషన్, దాని ప్రాక్టీస్‌ల 37 శాతం తక్కువ తప్పులు చేసిండ్రట.

రాజేశ్: ఎంతమంది మీద చేసిండ్రు?

శ్రావణి: …33.

రాజేశ్: ముప్పై మూడు! మా గల్లీల క్రికెట్‌కే అంతకంటె ఎక్కువ వస్తరు!

శ్రావణి: నవ్వుకో. కన్ను స్క్రీన్ మీద, చెయ్యి ఇంకోకాడ, అది గేమ్‌ల అలవాటైతది అంటున్న, అంతే.

రాజేశ్: గది మాకు అద్దంతోని ఎప్పటి నుంచో ఉన్నదే. పైదవడల వెనుక పండ్లు నేరుగ కనపడయి, మౌత్ మిర్రర్‌ల చూసుకుంట డ్రిల్ పెట్టాలె, అద్దంల ముందుకు పోతున్నట్టు అనిపిస్తే నువ్వు అసలు వెనుకకు పోతున్నవ్. ఉంగరం వేలు పక్క పంటి మీద ఆనించి ఉంచాలె, పేషెంట్ దగ్గిండనుకో, ఆయన తలతోపాటు నీ చెయ్యి గూడ కదలాలె, లేకుంటే బర్, డ్రిల్ కొసకు తిరిగే ముల్లు, బుగ్గలకు దిగుతది.

శ్రావణి: ఇది పుట్టుకతోని వచ్చిందా నీకు?

రాజేశ్: …లే.

శ్రావణి: మరి! మా అమ్మను చూడు, సిరిసిల్లల బీడీలు చేసేది. తునికాకు రేకు పెట్టి కత్తిరిస్తది, తంబాకు పోసి చుడ్తది, కొస మడుస్తది, దారం కడ్తది, కండ్లేమో టీవీ సీరియల్ మీద. తంబాకు ఒక చిటికె ఎక్కువైతే వేలికి తెలుస్తది. వెయ్యి బీడీలకు లెక్క, రోజు గదే పని, ఏండ్లకేండ్లు. ఆమెకు ఎవ్వలు సబ్బు పరీక్ష పెట్టలే.

రాజేశ్: పెడితే ఫస్ట్ ర్యాంకు ఆమెదే, నేను అనేది గదే గద!

శ్రావణి: అన్నా, నువ్వు వినవ్. క్యాన్యులా పెట్టుడు ఉంటది చూడు, సెలైన్ ఎక్కియ్యనీకె నరంల పెట్టే ప్లాస్టిక్ గొట్టం, ఎడమ బొటనవేలితోని చర్మం కిందికి గుంజి పట్టాలె, బెవెల్, అంటే సూది ఏటవాలు మొన, పైకి, ఫ్లాష్‌బ్యాక్, అంటే గొట్టంల రక్తం, రాంగనే సూది వాల్చి జరంత ముందుకు పోవాలె, ఇగ సూది అక్కడనే ఆపి పైనున్న ప్లాస్టిక్ గొట్టం ఒక్కటే జరపాలె. వైవాల ప్రతి పిల్ల ఇది గడగడ చెప్తది. చేయమంటే సూది గూడ నూకేస్తది, నరం అవతలికి పోతది. నేను చదివిన కాలేజీల, పేరు చెప్ప, ప్రాక్టీస్‌కు రబ్బర్ చెయ్యి ఉండె. అద్దాల బీరువల. తాళం మేడమ్ కాడ. ఇన్‌స్పెక్షన్ ఉన్నప్పుడే బయటికొచ్చేది. మేం దేని మీద నేర్సుకున్నం మరి? జనరల్ వార్డుల ముసలోళ్ళ చేతుల మీద. ఒకామెకు రెండు చేతులు ఉబ్బినయి, అయినా బిడ్డా మళ్ళోసారి చూడు, ఏం కాదు అంటది. ఆమె పక్కన మాట్లాడేటోళ్ళు లేరు గాబట్టే మమ్మల్ని ఆ బెడ్డుకు పంపిండ్రు.

రాజేశ్: …

శ్రావణి: ఫోన్ తప్పు, పిల్లల తప్పు అంటవ్. బీరువ తాళం సంగతి ఎవ్వలు మాట్లాడరు.

రాజేశ్: మాకాడ ఫాంటమ్ హెడ్‌లు, ప్రాక్టీస్‌కు పండ్లున్న బొమ్మ తలలు, ఉండె గని బ్యాచ్ మొత్తానికి టర్న్ రాకపోయేది. పీకిన పండ్లు డబ్బాల ఏరుకొచ్చుకొని రూంల రూట్ కెనాల్ చేసే సన్న సూది, ఫైల్ అంటరు, అది పట్టుకొని కూసునేది.

శ్రావణి: గది చెప్పు పోరగాండ్లకు. లెక్రాన్ ఏ కంపెనీదైతేంది, అడ్మిషన్‌కు ముందు పోయి ల్యాబ్ చూసి రమ్మను, సెకండియర్ వాళ్ళను పక్కకు పిలిచి అడుగుమను, చెయ్యి పెట్టనిస్తున్నరా అని.

రాజేశ్: చెప్త. సబ్బు గూడ చెప్త. లైఫ్‌బాయ్ అగ్గువ…

శ్రావణి: నీ సబ్బుకో దండం! లైఫ్‌బాయ్ గట్టిగుంటది, పెళ్ళలు లేస్తది.

రాజేశ్: అట్లనా? నువ్వు చెక్కినవా?

శ్రావణి: ఎవరో షట్టర్ కొడ్తున్నరు కింద.

రాజేశ్: సాయంత్రం రూట్ కెనాల్ ఆయన, గంట ముందే వచ్చిండు. చెక్కినవా లేదా చెప్పు ముందు.

శ్రావణి: పో, ఫస్ట్ ఆయన పన్ను చూడుపో, రికార్డింగ్ నేను ఆపుత.