రైలులో ఒళ్లో పెట్టుకుని ట్యూన్ కట్టాలంటే ఏ కీబోర్డు?

[కిటికీ పక్క సీటు. ఒళ్లో చిన్న కీబోర్డు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్. పట్టాల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు.]

గుణుపూర్ నుంచి విశాఖ వెళ్లే ప్యాసింజర్ ఇది. నేను పర్లాకిమిడిలో ఎక్కాను. ఎదురు సీట్లో ఒక మామ్మ నా వేళ్లకేసే చూసి చూసి, టెంబూరు దాటాక ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏటి బాబూ, ఇందాకట్నుంచి నొక్కుతున్నావు, పలకదేటి? పాడైపోనాదా?"

పాడవలేదు మామ్మా, దీనికసలు గొంతే లేదు.

[కెమెరా వైపు తిరిగి]

కొత్తగా కొనేవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇదే. దీన్ని మిడి కంట్రోలర్ అంటారు. (మా ఊరి పేరు చివర కూడా మిడి ఉంది, దానికీ దీనికీ చుట్టరికం లేదు.) మిడి అనేది 1983లో వచ్చిన పద్ధతి. ఏ మెట్టు నొక్కాం, ఎంత గట్టిగా నొక్కాం అన్న కబురు మాత్రమే తీగలో వెళ్తుంది. ఆ గట్టితనాన్ని 1 నుంచి 127 దాకా లెక్కకడుతుంది. పలికేది మాత్రం ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో ఉన్న యాప్. కాబట్టి "దీని సౌండ్ బాగుంటుందా అన్నా?" అని నన్ను అడక్కండి. బాగుండాల్సింది యాప్.

నేను పెళ్లిళ్లకు వాయిస్తాను. ఇటు తెలుగు పాటలు, అటు ఒడియా పాటలు. సీజన్లో ఇవాళ బరంపురం, రేపు రాయగడ. 61 మెట్ల పెద్ద కీబోర్డు బొలెరో మీద తాళ్లతో కట్టుకుని వెళ్తుంది, ప్రయాణంలో దాన్ని దింపే ప్రశ్నే లేదు. ట్యూన్ మాత్రం ప్రయాణంలోనే తడుతుంది!

అందుకే కొనే ముందు మొదటి పరీక్ష: కుర్చీలో కూర్చుని, మోకాళ్లు దగ్గరగా పెట్టి, ఒళ్లో పెట్టుకుని వాయించండి. బల్ల మీద అన్నీ బాగానే ఉంటాయి. 25 చిన్న మెట్లున్నవి అడుగు పైచిలుకు పొడవుంటాయి, ఒళ్లో ఇముడుతాయి. అకాయ్ ఎంపీకే మినీ ఎంకే 3 ముప్పావు కిలో. ఆర్టూరియా మినీల్యాబ్ 3 కిలోన్నర. షాపులో ఆ తేడా తెలియదు, భుజాన సంచీతో ఓవర్‌బ్రిడ్జి ఎక్కేటప్పుడు తెలుస్తుంది. హార్మోనియం అలవాటున్నవాళ్లకు 25 మెట్లు, అంటే రెండు స్థాయిలు, ఇరుకనిపిస్తాయి. స్థాయి మార్చే ఆక్టేవ్ బటన్ ఉంటుంది గానీ పాట మధ్యలో దానికోసం వెతుక్కోవడం చిరాకు. అలాంటివాళ్లు 37 మెట్లున్నది చూడండి.

[దగ్గరగా: ఎడమ బొటనవేలు, జాయ్‌స్టిక్]

ఇప్పుడు అసలు విషయం. రివ్యూల్లో దీన్ని ఒక్క ముక్కలో దాటేస్తారు, మన సంగీతానికి మాత్రం ప్రాణం ఇదే: స్వరాన్ని వంచడం, అంటే పిచ్ బెండ్. మెట్ల వాయిద్యం మీద గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, కుదరదన్న వాదన వల్లే కదా, 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి హార్మోనియాన్ని గడప తొక్కనివ్వలేదు!

ఈ చిన్న కీబోర్డుల్లో స్వరం వంచడానికి ఒక్కో కంపెనీ ఒక్కో ఏర్పాటు చేసింది. ఎంపీకే మినీలో పుల్లలాంటి జాయ్‌స్టిక్. మినీల్యాబ్ 3లో వేలితో రాసే పట్టీ. కోర్గ్ నానోకీ 2లో ఉత్త బటన్లు. కోర్గ్ మైక్రోకీ 37లో చక్రం. నా ఓటు చక్రానికే. బొటనవేలు దాని మీద ఆని ఉంటుంది కాబట్టి నెమ్మదిగా వంచి, నెమ్మదిగా వెనక్కి తేవచ్చు. జాయ్‌స్టిక్ వదిలితే టప్పున మధ్యకు వచ్చేస్తుంది, స్వరం కూడా దాంతోపాటే ఎగురుతుంది. పట్టీతో జారుడు బాగానే వస్తుంది గానీ రైలు కుదుపుకి వేలు లేచిందా, అంతే. బటన్లతో గమకం సంగతి మర్చిపోండి.

ఇంకోటి, యాప్‌లో బెండ్ రేంజ్, అంటే నల్లవీ తెల్లవీ కలిపి స్వరం ఎన్ని మెట్లు వంగుతుందన్న అంకె, మామూలుగా 2 ఉంటుంది. అంటే షడ్జం (స) నుంచి చతుశ్రుతి రిషభం (పెద్ద రి) దాకానే. దాన్ని 4 చేస్తే అంతర గాంధారం (పెద్ద గ) దాకా జారొచ్చు. ఈ ఒక్క మార్పు తెలియక నేను ఏడాది పాటు నా కీబోర్డునే తిట్టుకున్నాను.

[దగ్గరగా: నల్ల మెట్లు]

రెండో పరీక్ష నల్ల మెట్లతో. చిన్న కీబోర్డుల్లో మెట్టు పొట్టిది కదా, లోపలి వైపు నొక్కితే బిగుసుకుపోతుంది, స్వరం సన్నగా పలుకుతుంది. షాపులో ఎఫ్ షార్ప్ (మూడు నల్ల మెట్ల గుంపులో మొదటిది) షడ్జంగా పెట్టుకుని నల్లవి మాత్రమే ఎక్కండి. స రి గ ప ద, మోహనం. అవే అయిదు మెట్లు, షడ్జం జీ షార్ప్‌కి మారిస్తే మధ్యమావతి, ఏ షార్ప్‌కి మారిస్తే హిందోళం. సీ షార్ప్ నుంచి శుద్ధ సావేరి, డీ షార్ప్ నుంచి శుద్ధ ధన్యాసి. అయిదు రాగాలు వాయించేసరికి ఏ మెట్టు మొండికేస్తుందో తెలిసిపోతుంది. షాపువాడు ఈలోగా టీ తెప్పిస్తే ఇంకా మంచిది.

తీగ సంగతి. నా పాత కీబోర్డుకి మినీ యూఎస్‌బీ సాకెట్ ఉండేది. తీగ గుచ్చే ఉంచి సంచీలో పెట్టడం నా అలవాటు. ఒకసారి రాయగడలో దిగేసరికి సాకెట్ ఊడి లోపల గలగలలాడుతోంది. మొబైల్ రిపేరు కుర్రాడు టంకం పెట్టి బతికించాడు, అదీ నెల రోజులే. ఇప్పుడైతే టైప్ సీ ఉన్నదే కొంటాను, దిగే ముందు తీగ పీకేస్తాను.

ఆండ్రాయిడ్ ఫోనుకి ఓటీజీ ముక్క (ఫోనుకి యూఎస్‌బీ తీగ తగిలించే చిన్న అడాప్టర్) చాలు. కీబోర్డుకి కరెంటు కూడా ఫోనే ఇస్తుంది కాబట్టి లైట్లు తక్కువున్నదైతే బ్యాటరీ కాస్త నిలుస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ మాత్రం వద్దు. నొక్కిన తర్వాత ఎప్పటికో వినబడుతుంది, తాళం పక్కదారి పడుతుంది. వైరున్నవి నూటయాభైవైనా సరే.

[మళ్లీ సీటు. ఒక ఇయర్‌ఫోన్ మామ్మ చెవిలో.]

యాప్‌లో సన్నాయి పెట్టి మోహనం ఎత్తుకున్నాను. మామ్మ కాసేపు కళ్లు మూసుకుంది.

"సన్నాయి బాగుంది నాయనా. మరి డోలేదీ?"

[వేళ్లు మెట్ల పక్కనున్న, తట్టి వాయించే ప్యాడ్ల మీదికి. డోలు మొదలు. రైలు టెక్కలిలో ఆగుతోంది.]