లైబ్రేరియన్ కుర్చీ ఖాళీగా ఉంటే ఆన్‌లైన్ చదువు సాగదు

(జాతీయ గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో విశ్రాంత లైబ్రేరియన్ చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికీ, ప్రిన్సిపాల్ గారికీ, వేదిక మీదున్న పెద్దలకూ, ఇంతసేపు ఓపిగ్గా కూర్చున్న పిల్లలందరికీ నమస్కారం. ఈ సభల్లో గ్రంథాలయోద్యమ పితామహులు అయ్యంకి వెంకటరమణయ్య గారిని తలచుకుని, గ్రంథాలయ శాస్త్రానికి రంగనాథన్ గారు చెప్పిన అయిదు సూత్రాలూ వల్లించి, ఆ తర్వాత విషయానికి రావడం ఆనవాయితీ. ఆ మహానుభావులిద్దరికీ దణ్ణం పెట్టుకుని నేను నేరుగా వచ్చేస్తాను.

ఆన్‌లైన్ చదువు గురించి పిల్లలేమనుకుంటున్నారో చెప్పమన్నారు. అడిగితే చాలామంది "వేస్టండీ మేడం" అనేస్తారు. పరీక్ష ముందు రాత్రి మాత్రం యూట్యూబ్ ముందే కూర్చుంటారు. అంటే తెర మీద పాఠమంటే వాళ్లకి పడక కాదు. 2020 మార్చిలో కాలేజీలు మూసేశాక ఇంటికి ఒక్కటే ఫోను, దాని మీద ముగ్గురు పిల్లలు. లంకల్లో సిగ్నలందక గట్టెక్కి నిలబడి క్లాసు విన్నవాళ్లున్నారు. 2022 మేలో గొడవల తర్వాత మన దగ్గర ఇంటర్నెట్ ఆపేస్తే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు సిగ్నల్ వెతుక్కుంటూ గోదావరి ఒడ్డుకి పరుగెత్తడం మీరంతా చూసిందే. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. కానీ కాస్త కూర్చోబెట్టి మాట్లాడిస్తే పిల్లలు చివరికి చెప్పే మాట వేరు: "డౌటొస్తే ఎవర్నడగాలో తెలీదండి."

ఒకమ్మాయి సంగతి చెబుతాను. నా సర్వీసు చివరి రోజుల్లో మాట. బీకాం. పంటు మీద, అంటే రేవు దాటించే పడవ మీద, కాలేజీకొచ్చేది. ఒక మధ్యాహ్నం మూల పగిలిన ఫోను నా టేబుల్ మీద పెట్టి, "స్వయం కోర్సు మానేస్తానండి. వీడియో తిరుగుతానే ఉంటందండి, డేటా అయిపోతందండి" అంది. కళ్లలో నీళ్లు. నేను ఫోను తీసుకుని ఆ పేజీ కిందికి జరిపాను. స్వయం అంటే కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక. అందులో ప్రతి పాఠానికీ వీడియోతో పాటు చదువుకునే పాఠం, చర్చా వేదిక, స్వీయ పరీక్ష కూడా ఉంటాయి. వీడియో కిందే పీడీఎఫ్ ఉంది! నెలరోజులుగా ఆ పిల్లకి ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు. కాలేజీ వైఫైలో పాఠాలన్నీ దింపించాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం పిల్ల, ఇక్కడ అంతా ఇంగ్లీషు. అందుకని బీరువాలోంచి తెలుగు అకాడమీ వారి కాస్ట్ అకౌంటింగ్ పుస్తకం తీసి పక్కన పెట్టాను. ముందు తెలుగులో అధ్యాయం చదివేది, తర్వాత ఆ పీడీఎఫ్, ఆఖర్న వీడియో. పంటు వేళయిందని గబగబా పుస్తకం సంచిలో పెట్టుకుని పోయేది. కొన్నాళ్లకి తన బెంచీ పిల్లల్ని వెంటేసుకొచ్చి, "మేడంగారండి, వీళ్లకీ చూపించండి" అంది.

నేనిక్కడికి వచ్చింది ఈ మాట చెప్పడానికే. నేను రిటైరయ్యాక ఆ కాలేజీలో నా పోస్టు భర్తీ కాలేదు. పేరు చెప్పను, చెబితే ఆ ఒక్క చోటే అనుకుంటారు. లైబ్రరీ గదిలో జవాబు పత్రాల కట్టలు పేర్చారు. తాళంచెవి స్కాలర్‌షిప్పులు చూసే గుమాస్తా దగ్గరుంది, ఆయనకి ఆ పనికే రోజు చాలదు. కాలేజీలకి జర్నళ్లూ ఈ-పుస్తకాలూ ఆన్‌లైన్‌లో అందించే ఎన్‌లిస్ట్‌కి ఏటా చందా కడుతున్నారు. 6,000కు పైగా జర్నళ్లు, లక్షల్లో ఈ-పుస్తకాలు ఇంట్లో ఫోనులోనే తెరుచుకుంటాయి. కానీ కొత్త పిల్లల పేర్లు ఎక్కించి ఐడీలు ఇచ్చే మనిషి లేడు!

పిల్లలూ, ఒక్కసారి చేతులెత్తండమ్మా. మీలో ఎన్‌లిస్ట్ ఐడీ ఎవరికుంది?

చూశారాండీ, ప్రిన్సిపాల్ గారూ?

సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయంలో చేసుకోవచ్చని యూజీసీ 2021లోనే చెప్పింది. 2024 నవంబరులో కేంద్రం "ఒకే దేశం ఒకే చందా" పథకానికి మూడేళ్లకు 6,000 కోట్లు ఇచ్చింది. ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులోకొచ్చాయి. సంతోషమే. కానీ డెల్టా వాళ్లం, మనకొకరు చెప్పాలా? ధవళేశ్వరంలో నీళ్లు వదిలినంత మాత్రాన శివారు చేను తడుస్తుందా? కాలవ మీద లస్కరుండి షట్టరెత్తాలి. ఆ లస్కరు లాంటి లైబ్రేరియన్ ఉద్యోగమే ఇక్కడా ఖాళీగా ఉంది. పిల్లలకి ఆసక్తి లేదని మాత్రం అనకండి, దయచేసి.

పోస్టు నింపడం మీ చేతుల్లో లేదని నాకు తెలుసు. యూనివర్సిటీ వారికీ, కమిషనరేట్ వారికీ రాయండి, ఈ సభ తీర్మానంగా రాయండి, నేనూ సంతకం పెడతాను. ఈలోగా మొదటి సంవత్సరం పిల్లల పేర్లు, మెయిల్ ఐడీలు ఒక కాగితం మీద రాయించండి. వారోత్సవాలు 20వ తేదీ దాకా ఉన్నాయి. రోజూ పదింటికల్లా నేనొస్తాను. లైబ్రరీ తాళం తీయించి, కిటికీ పక్కన ఒక టేబులూ రెండు కుర్చీలూ వేయించండి.