టిఫిన్ తిన్నావా అని అడిగాను
(ఏప్రిల్ 28న కార్మికుల స్మారక సభలో ఒక రిటైర్డ్ సేఫ్టీ ఆఫీసరు చేసిన ప్రసంగ పాఠం)

కూర్చోండి, కూర్చోండి. కుర్చీలు చాలనివాళ్లకు ముందు జంపఖానా ఉంది, వచ్చేయండి. ఎ షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్లు గోడకు ఆనుకోండి. మధ్యలో కునుకు పడితే నేనేమీ అనుకోను.

మనకు మార్చి 4 బాగా తెలుసు. జాతీయ భద్రతా దినం. 1966లో ఆ తేదీనే జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. గేటు దగ్గర ఆకుపచ్చ జెండా, ప్రతిజ్ఞ, క్విజ్, గెలిచినవాళ్లకు స్టీలు టిఫిన్ బాక్సు. ఇరవై ఆరేళ్లు ఆ బాక్సులు నా చేతులమీదుగానే పంచాను. ఏప్రిల్ 28 అలాంటిది కాదు. పనిలో ప్రాణం పోయినవాళ్లను తలుచుకోవడానికి కెనడాలో ప్రభుత్వ ఉద్యోగుల యూనియన్ 1984లో మొదలుపెట్టిన రోజిది. ఐఎల్ఓ, అంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ, 2003 నుంచి దీన్ని భద్రత, ఆరోగ్య దినంగా పాటిస్తోంది. మా ఫ్యాక్టరీలో నేనున్నంతకాలం ఈ రోజు జరపలేదు. జరపాలని నేనూ అడగలేదు.

ఏ ఫ్యాక్టరీ అంటారా, అది చెప్పను. ఇవాళ వేలు చూపాల్సింది ముందు నావైపే.

రియాక్టరు, అంటే రసాయనాలు కలిపే పెద్ద ట్యాంకు, శుభ్రం చేసే పని. లోపలికి మనిషి దిగాలంటే పర్మిట్ కావాలి, దానిమీద నా సంతకం ఉండాలి. ఉదయం తొమ్మిదిన్నరకు వెళ్లాను. మ్యాన్‌హోల్ దగ్గర కాంట్రాక్టరు తాలూకు ఇద్దరు కుర్రాళ్లు, ఒక మేస్త్రీ. అందులో ఒకడు హెల్పరు, ఇరవై రెండేళ్లుంటాయి. "నిన్న లోపల తల తేలిపోయినట్టయింది సార్" అన్నాడు. గొడవ పెట్టే గొంతు కాదది. ఏదో తన తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పాడు.

నేనన్నాను, "టిఫిన్ తిన్నావా?"

తిన్నానన్నాడు. మేస్త్రీ నవ్వాడు. గ్యాస్ మీటరు మ్యాన్‌హోల్ మూతి దగ్గర పెట్టాను. ఆక్సిజన్ 20.9 చూపించింది. మామూలు గాలిలో ఉండేదే. సంతకం పెట్టాను.

మీటరును తాడు కట్టి అడుగుదాకా దింపాలి. మూతి దగ్గర పెడితే అది కొలిచేది బయటి గాలినే. ఈ సంగతి నాకు తెలియదా? కొత్త బ్యాచ్‌లకు పాఠం చెప్పేవాణ్ని నేనే. పైగా రియాక్టరులోకి వచ్చే నైట్రోజన్ లైనుకు బ్లైండ్, అంటే పైపును పూర్తిగా మూసేసే రేకు, వెయ్యలేదు, వాల్వు మూసి ఊరుకున్నారు. మూసిన వాల్వు మూసినట్టే ఉండి లోపల కారుతూ ఉంటుంది. ముందు రోజు వాడి తల తేలిపోయింది అందుకే.

నైట్రోజన్ గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను, ఇక్కడ ఫార్మాలో చేసేవాళ్లు ఎక్కువమంది ఉన్నారు కనుక. దానికి వాసన లేదు, రంగు లేదు, గొంతు మండదు. అసలు ఊపిరాడనట్టు కూడా అనిపించదు. మనకు ఉక్కిరిబిక్కిరి అనిపించేది ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకున్నప్పుడు. నైట్రోజన్‌లో అది మామూలుగానే బయటికి పోతూ ఉంటుంది, అందుకని ఒళ్లు హెచ్చరించదు. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గితే లోపలికి దిగకూడదని నియమం. ఆరు శాతం కన్నా కిందికి పడిపోయిన చోట ఒకటి రెండు ఊపిర్లకే మనిషి కూలిపోతాడు. అరిచే వ్యవధి ఉండదు.

వాడు అరవలేదు. పైనున్న రెండోవాడు తొంగి చూసి, మనిషి బోర్లా పడి ఉంటే, ఆలోచించకుండా దిగిపోయాడు. రెండోవాణ్ని సేఫ్టీ బెల్టుకు తాడుండబట్టి లాగగలిగాం, బతికాడు. మొదటివాడికి తాడు లేదు. నా పర్మిట్‌లో "లైఫ్‌లైన్ ఉంది" అన్న గడిలో టిక్కు మాత్రం ఉంది.

విచారణ రిపోర్టులో కారణం ఒకే లైనులో రాశారు: కార్మికుడి అజాగ్రత్త. కింద సంతకాల్లో నాదీ ఒకటి.

రెండోవాడు ఎందుకు దిగాడని చాలామంది అడిగారు. తోటివాడు పడి ఉంటే చూస్తూ నిలబడటం మనిషికి చేతనవుతుందా? కోజికోడ్‌లో 2015 నవంబరులో మ్యాన్‌హోల్‌లోకి దిగి పడిపోయిన ఇద్దరూ మన ఆంధ్ర నుంచి వెళ్లిన కూలీలు. వాళ్లకోసం దిగినవాడు దారినపోయే ఆటో డ్రైవరు, నౌషాద్. వాళ్ల భాష అతనికి రాదు, పేర్లు తెలియవు. ముగ్గురూ పోయారు. అలాంటివాడికి "దిగకు" అని చెప్పి లాభం లేదు. మొదటివాడు దిగేముందే గాలి కొలవాలి, తాడు కట్టాలి, పైన ఇంకో మనిషి ఆ తాడు పట్టుకుని ఉండాలి.

ఆ కుర్రాడు పోయాక నాకొక అలవాటు పట్టింది. పేపర్లో ప్రమాదం వార్త చూస్తే ఎంతమంది అని చూడను. ముందు ఎవరైనా చెప్పారా అని వెతుకుతాను. దాదాపు ప్రతిసారీ దొరుకుతుంది.

ఢాకా పక్కన సావర్‌లో రానా ప్లాజా కూలింది 2013 ఏప్రిల్ 24న. గోడలకు పగుళ్లు ముందు రోజే కనిపించాయి. అదే భవనంలో ఉన్న బ్యాంకు తన ఉద్యోగుల్ని ఇంటికి పంపేసింది, కింద షాపులు మూసేశారు. పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు పొద్దున పనిలోకి రమ్మన్నారు. 1,134 మంది పోయారు. పగుళ్లు బ్యాంకువాళ్లకు కనిపించినట్టే కుట్టేవాళ్లకూ కనిపించాయి. వాళ్లు భయపడ్డారు, వద్దన్నారు కూడా. బ్యాంకువాళ్లకు ఇంటికెళ్లే వీలుంది, వీళ్లకు లేదు. తేడా అంతే.

భోపాల్ అనగానే 1984 డిసెంబరు 2 రాత్రి గుర్తొస్తుంది. కానీ అదే ఫ్యాక్టరీలో 1981 డిసెంబరులో ఫాస్జీన్ అనే విషవాయువు తగిలి ఒక కార్మికుడు చనిపోయాడు. 1982లో కార్మికులు ప్రమాదం ఉందని పోస్టర్లు వేశారు. జర్నలిస్టు రాజ్‌కుమార్ కేస్వానీ ఆ ఏడాదే రాశాడు. ఊరికి వినబడలేదు అనలేం.

గోదావరిఖని నుంచి వచ్చిన అన్నలు ఈ సభలో ఉన్నారు, వాళ్ల ముందు గని గురించి నేను మాట్లాడటం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా ఒక వరస చెప్పాలి. 1975లో చాస్‌నాలా, గనిలోకి నీళ్లు, 375 మంది. 2001లో బాగ్‌డిగీ, మళ్లీ నీళ్లు, 29 మంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గని, మళ్లీ నీళ్లే, 17 మంది. పాత పనులకు, అంటే వదిలేసిన పాత తవ్వకాలకు, 60 మీటర్ల లోపుకు వస్తే అనుమతి లేకుండా తవ్వకూడదన్న నియమం 1957 నిబంధనల్లోనే ఉంది. ఆ 2003లోనే అక్టోబరు 16న 8ఎ గనిలో పైకప్పు కూలి ఇంకో పది మంది. కప్పు మంచిదో కాదో కర్రతో తట్టి, మోగే తీరునుబట్టి చెప్పేస్తాడు బాయిలో, అంటే గనిలో, పాతబడ్డ మనిషి. గట్టి కప్పు ఖంగుమంటుంది, వదులైంది బోలుగా డప్పులా మోగుతుంది. ఆ చెవి ఇంజినీరింగ్ కాలేజీలో దొరకదు. దాన్ని లెక్కలోకి తీసుకోవడానికే 1955 గనుల నిబంధనల్లో ఒక ఏర్పాటు చేశారు: 500 మంది గానీ అంతకు మించి గానీ చేసే గనిలో కార్మికుల తరఫున ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు ఉండాలి, చూసింది పుస్తకంలో రాయాలి.

ప్రమాదకరమైన ప్రక్రియలు నడిచే ఫ్యాక్టరీలకూ అలాంటిదే ఒకటి వచ్చింది. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టం సవరించి 41హెచ్ అనే సెక్షన్ చేర్చారు. ప్రాణాపాయం ఉందని సహేతుకంగా భయమేస్తే కార్మికుడు నేరుగా గానీ సేఫ్టీ కమిటీలోని తన ప్రతినిధి ద్వారా గానీ మేనేజరుకు చెప్పొచ్చు, అదే చేత్తో ఇన్‌స్పెక్టరుకూ తెలపొచ్చు అని అందులో రాశారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రతా కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. కాకపోతే ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే కరెంటుతో నడిచేచోట ఇదివరకు పది మంది చాలు, ఇప్పుడు ఇరవై మంది ఉండాలి. పద్దెనిమిది మందితో నడిచే షెడ్డులో ఆ హక్కు మాటేమిటో లాయరు తమ్ముడు నా తర్వాత మాట్లాడతాడు, అడగండి.

నన్నడిగితే మాత్రం, హక్కు ఉండటం వేరు, నోరు తెరవడం వేరు. ఆ కుర్రాడికి 41హెచ్ తెలియదు. తెలియకుండానే దాన్ని వాడాడు. చెప్పాల్సినవాడికే చెప్పాడు. విన్నవాడు టిఫిన్ గురించి అడిగాడు.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. యాభై మందికి పైగా పోయారు, ఎక్కువమంది బతకడానికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. ఎనిమిది మంది జాడ అసలు దొరకలేదు. వాళ్లు ముందు రోజుల్లో ఏం మాట్లాడుకున్నారు, ఏ భాషలో, ఎవరితో అన్నారు? పైవాళ్లకు హిందీ, ఒడియా అర్థమయ్యేదా? మన దగ్గర సేఫ్టీ బోర్డులు ఇప్పటికీ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాస్తున్నాం. కింద దిగేవాడు చదివేది ఏ భాషో ఎవరం అడగం.

సరే, నైట్ షిఫ్టు బస్సు ఎనిమిదీ ఇరవైకి అట, ఆపేస్తాను. వేదిక మీద బ్యానర్‌లో పదకొండు ఫొటోలున్నాయి. మా కుర్రాడిది లేదు. మా కంపెనీ మస్టరులో వాడి పేరు లేదు, కాంట్రాక్టరు దగ్గర ఫొటో లేదు. మీరెవరూ తప్పు చెయ్యలేదు, ఊరికే చెప్తున్నాను.

తలుపు దగ్గర బల్లమీద రూళ్ల నోట్‌బుక్ ఒకటి పెట్టాను. ఈ వారంలో మీకు పనిలో ఎక్కడ భయమేసిందో ఒక్క లైను రాసి వెళ్లండి. పేరు అక్కర్లేదు, ఏ భాషయినా ఫరవాలేదు, రాయడం రాకపోతే మా అమ్మాయి అక్కడే కూర్చుంది, చెబితే రాస్తుంది. ఆదివారం కమిటీవాళ్లం కూర్చుని మొదటి పేజీ నుంచి చదువుతాం. పెన్ను మాత్రం నాది, జేబులో వేసుకుని వెళ్లకండి.