రెండు కేబుళ్లు వేసినా స్పీడు ఎందుకు పెరగలేదు?

హోస్ట్: నమస్తే, తిరుపతి నుంచి మాట్లాడుతున్నాం. ఊళ్లో వీడియో స్టూడియోలకు స్టోరేజ్, నెట్‌వర్క్ పనులు చేసే అన్న ఈరోజు మనతో ఉన్నారు. అన్నా, ముందు నా బాధ చెప్తాను. ముహూర్తాల సీజన్లో సర్వర్ నుంచి పెళ్లి ఫుటేజ్ కాపీ చేస్తుంటే సెకనుకు 110 ఎంబీ దాటేది కాదు. ఇంకో కేబుల్ వేసి రెండూ కలిపితే డబుల్ అవుతుందన్నారు. కొత్త స్విచ్ కూడా కొన్నాం. మళ్లీ అదే 110!

అతిథి: వాళ్లు పెట్టింది లింక్ అగ్రిగేషన్, ఎల్‌ఏసీపీ అంటాం. అలిపిరి తనిఖీ దగ్గర ఎన్ని వరసలున్నా నీ కారు వెళ్లేది ఒక్క వరసలోనే కదా? ఇదీ అంతే. ఐపీ అడ్రసులు, పోర్టు నంబర్లు చూసి ఒక కనెక్షన్‌ను ఒకే కేబుల్‌కు అప్పగిస్తుంది. అట్లా చేయకపోతే ప్యాకెట్లు ముందువెనకలైపోతాయి. పదిమంది ఒకేసారి కాపీ చేసుకుంటే లాభమే. నువ్వొక్కడివే చేస్తే ఒక గిగాబిట్టే, అంటే లెక్కకు 125 ఎంబీ. ఖర్చులు పోను చేతికొచ్చేది నువ్వు చూసిన 110.

హోస్ట్: మరి దారేంటన్నా?

అతిథి: సామాను రెండు కార్లలో సర్దాలి. ఆ సర్దుడు స్విచ్ వల్ల కాదు తమ్ముడూ, ఫైల్ పంపే ప్రోటోకాలే చేయాలి. విండోస్ షేరింగ్ వాడే ప్రోటోకాల్ పేరు ఎస్‌ఎంబీ. దాని 3.0తో పాటు 2012లో మల్టీఛానెల్ వచ్చింది. సర్వర్‌కు ఏయే నెట్‌వర్క్ కార్డులున్నాయో అడిగి తెలుసుకుని, ఒకే సెషన్ కింద చాలా టీసీపీ కనెక్షన్లు తెరుస్తుంది. చదవడం, రాయడం వాటికి పంచుతుంది. లినక్స్ సర్వర్‌లో ఇదే షేరింగ్ నడిపే సాఫ్ట్‌వేర్ సాంబా, అందులో 4.15 నుంచి ఇది డిఫాల్ట్‌గానే ఆన్.

హోస్ట్: లినక్స్ వాళ్లు ఫైల్ షేరింగ్‌కు వాడే ఎన్‌ఎఫ్‌ఎస్‌లో?

అతిథి: లినక్స్ 5.3 నుంచి ఎన్‌కనెక్ట్ అనే ఆప్షన్ ఉంది, 16 కనెక్షన్ల దాకా తెరుస్తుంది. కానీ అవన్నీ ఒకే ఐపీకి వెళ్తాయి, కాబట్టి రెండో కార్డును తనంతట తాను వెతుక్కోదు.

హోస్ట్: మా ఫ్రెండ్ ఐస్కజీ పెట్టాడు, అదే, సర్వర్‌లోని డిస్కును నెట్‌వర్క్ మీద సొంత డిస్కులా చూపించేది. ఒకే డిస్కు రెండుసార్లు కనిపిస్తోందంట.

అతిథి: వెంటనే చెప్పు, రెండింటినీ విడివిడిగా మౌంట్ చేయొద్దని! డేటా పాడైపోతుంది. రెండు దారుల్లో కనిపించే ఒకే డిస్కు అది. విండోస్‌లో ఎంపీఐఓ, లినక్స్‌లో మల్టీపాత్ ఆన్ చేస్తే రెండూ కలిసి ఒక్కటిగా వస్తాయి.

హోస్ట్: నేనిప్పుడు ఏం చేయాలి?

అతిథి: ఎల్‌ఏసీపీ తీసేయ్. సర్వర్‌లో, ఎడిటింగ్ సిస్టమ్‌లో రెండేసి కార్డులుండాలి. ఒక్కో కేబుల్‌కు ఒక్కో సబ్‌నెట్, అంటే వేరే ఐపీ అడ్రసుల గుంపు, ఇవ్వు. సర్వర్‌లో ఒకే హార్డ్ డిస్క్ ఉంటే అదే అడ్డు పడొచ్చు, అదీ చూసుకో. తర్వాత పెద్ద ఫైల్ కాపీ పెట్టి, మధ్యలో ఒక కేబుల్ పీకు. స్పీడు తగ్గుతుంది, కాపీ మాత్రం ఆగకూడదు.

హోస్ట్: ఈ రాత్రే చేస్తాను. పెళ్లి ఫుటేజ్‌తో కాదు, వేరే ఫైల్‌తో.