"నేనెవరో చెప్పు తాతా" అని అడగొద్దు

నమస్తే అండీ. ఈ వీడియో వృద్ధాశ్రమాల్లో పనిచేసే ఆయమ్మలకి, నర్సమ్మలకి. ఇంట్లో పెద్దవాళ్లని చూసుకునేవాళ్లూ వినొచ్చు. మన దేశంలో 60 దాటిన ప్రతి 100 మందిలో ఏడుగురికి పైనే డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోయే జబ్బు, ఉందని 2023లో వచ్చిన అంచనా. అలాంటివాళ్లతో ఎలా మాట్లాడాలో చూద్దాం.

"తాతా, నేనెవరో చెప్పు చూద్దాం?" దగ్గరికి పోగానే మనం అడిగేది ఇదే. చూడ్డానికొచ్చిన కొడుకులూ కూతుళ్లూ మనకంటే ఎక్కువ అడుగుతారు. ప్రేమతోనే, కాదనను. కానీ ఆయనకది పరీక్ష. చెప్పలేకపోతే నలుగురిలో తలవంపు. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. అందులో కొత్త సంగతులు ముందు పోతాయి, పాతవి చాలాకాలం నిలుస్తాయి. పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు, చిన్నప్పటి వీధి గుర్తుంటుంది. అందుకే మన పేరు మనమే చెప్పాలి, ఎదురుగా కూర్చుని, కళ్లల్లోకి చూస్తా. వెనకనుంచి భుజమ్మీద చెయ్యేస్తే ఉలిక్కిపడి తోసేస్తాడు. మనమేమో "కోపిష్టి" అని రిజిస్టర్లో రాసేస్తాం!

కందుకూరు వైపు పొగాకు రైతు ఒకాయన మీ దగ్గరున్నాడనుకోండి. పొద్దుగూకితే చాలు, "బ్యారన్ కాడికి పోవాల" అని గేటు పట్టుకుంటాడు. బ్యారన్ అంటే పొగాకు ఆకుని వేడిపెట్టి ఆరబెట్టే కొట్టం. వర్జీనియా పొగాకుని అలా క్యూరింగ్ చెయ్యాలంటే రాత్రింబగళ్లు వేడి కనిపెట్టుకుని ఉండాలి, తేడా వస్తే ఆకు రంగు చెడి రేటు పోద్ది. ఆయన కంగారు ఉత్త చాదస్తం కాదు, ఏళ్ల తరబడి మోసిన బాధ్యత. "బ్యారన్ ఎప్పుడో అమ్మేశారుగా" అంటే గొడవ పెరుగుద్ది. "మీ అబ్బాయి చూసుకుంటున్నాళ్లే" అనే అబద్ధం నాకైతే నచ్చదు, కాసేపటికి "వాడేడీ?" అంటాడు. "ఆకు పసుపు తిరిగిందా తాతా? రాత్రిళ్లు నీకు తోడెవరుండేవాళ్లు?" అని అడగండి. మాట్లాడతా మాట్లాడతా బాత్రూం దాకా నడిపించండి. చాలాసార్లు ఆ హడావుడి వెనక మూత్రమో, ఆకలో, మలబద్ధకమో, నొప్పో ఉంటుంది. నోటితో చెప్పలేడంతే. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి బాగా మారిపోతే ఇన్‌ఫెక్షన్ కావచ్చు, డాక్టరుకి చూపించాల్సిందే.

"లేచి చొక్కా మార్చుకుని అన్నానికి రా" అంటే మూడు పనులు. "లే తాతా" అని ఆగండి. లేచాకే చొక్కా సంగతి.

ఇంకోటి. చేర్చుకునే రోజే ఇంటివాళ్లని అడిగి రాసుకోండి: ముద్దుగా ఏమని పిలిచేవాళ్లు, ఏం పనిచేశాడు, దేనికి భయపడతాడు, చేపల పులుసు ఇష్టమా కాదా. ఫీజు వివరాలకి పేజీలు పేజీలుండే ఫారాల్లో వీటికి ఒక్క లైను కూడా ఉండదు మరి.